ఆ నీళ్లని పర్షియన్ గల్ఫ్ అనే రాద్దాం

మన తెలుగు వార్తల్లో ఒకే సింధుశాఖకి మూడు పేర్లు నడుస్తున్నాయి. పొద్దున పేపర్లో పర్షియన్ గల్ఫ్, మధ్యాహ్నం టీవీ స్క్రోలింగ్‌లో అరేబియన్ గల్ఫ్, సాయంత్రం ఏదో వెబ్‌సైట్‌లో ఉత్త గల్ఫ్. ఒక్కోసారి ఒకే పేజీలో పై వార్తలో ఒక పేరు, కింది వార్తలో ఇంకో పేరు. ఇరాన్‌కీ అరబ్ దేశాలకీ మధ్య ఉన్న ఆ నీళ్లు ఒకటే అని తెలిసినవాళ్లకి పర్వాలేదు గానీ, తెలియనివాళ్లు అవి రెండు వేర్వేరు సముద్రాలు అనుకుంటారు, అలా అనుకోవడంలో వాళ్ల తప్పేమీ లేదు. నేను హైదరాబాద్‌లో ఒక వార్తాసంస్థలో అంతర్జాతీయ డెస్క్‌లో పనిచేస్తాను. ఏజెన్సీల నుంచి ఇంగ్లిష్‌లో వచ్చిన కాపీని తెలుగు చేయడం నా పని, కాబట్టి ఈ గొడవ నాకు తరచూ ఎదురయ్యేదే. చాలాకాలంగా రాయాలనుకుంటున్నా, ఇవాళ రాసేస్తున్నా. కొంచెం పొడుగ్గానే ఉంటుంది.

నా మాట ముందే చెప్పేస్తాను. తెలుగులో దాన్ని పర్షియన్ గల్ఫ్ అనే రాయాలి, ప్రతిసారీ, కాపీ ఏ ఏజెన్సీ నుంచి వచ్చినా సరే. ఇరాన్ ప్రభుత్వం మీద ప్రేమతో అంటున్న మాట కాదిది, అరబ్బుల మీద కోపంతోనూ కాదు.

ఎక్కడో ఉన్న నీళ్ల పేరు మనకెందుకు అనేవాళ్లుంటారు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కామారెడ్డి వైపు ఏ ఊరికి వెళ్లినా దుబాయి పోయినవాళ్లో, మస్కట్ పోయినవాళ్లో, సౌదీ నుంచి తిరిగొచ్చినవాళ్లో కనబడతారు. కడప, రాజంపేట వైపు నుంచీ గోదావరి జిల్లాల నుంచీ కువైట్ వెళ్లి ఇళ్లలో పనిచేస్తున్న ఆడవాళ్లు ఎంతమందో. ఆ నీళ్ల ఒడ్డున ఏం జరిగినా ఇక్కడ ఇళ్లలో అన్నం ముద్ద దిగదు. 2025 జూన్‌లో ఇజ్రాయెల్‌కీ ఇరాన్‌కీ మధ్య యుద్ధం జరిగినప్పుడు, ఖతార్‌లో అమెరికా సైన్యం ఉండే అల్ ఉదీద్ స్థావరం మీద ఇరాన్ క్షిపణులు వేసిన రాత్రి, మా ఆఫీసు ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. అందులో ఒక పెద్దాయన కోరుట్ల దగ్గర్నుంచి చేశాడు. "మేడమ్, అరేబియన్ గల్ఫ్ అని టీవీల ఏస్తున్నరు, గదేనా మన బొంబాయి పక్కన ఉండే సముద్రం? మా పిలగాడు ఓడ మీద ఆడనే ఉన్నడు" అన్నాడు. కాదండీ, మీరు చెప్పేది అరేబియా సముద్రం, వీళ్లు చెప్పేది దానికి చాలా పైన, హర్మూజ్ జలసంధి దాటాక లోపల ఉండే నీళ్లు, అని నేను మ్యాప్ మొత్తం నోటితో గీసి చెప్పాల్సి వచ్చింది. ఆయన బడిలో చదువుకున్న పేరు అరేబియా సముద్రం. దానికి అంత దగ్గరగా వినిపించే ఇంకో పేరు వాడితే ఆయన అలా కాక ఇంకెలా అనుకుంటాడు? మన తెలుగు పాఠకుడికి సంబంధించినంత వరకు అరేబియన్ గల్ఫ్ అనే మాటతో వచ్చే మొదటి ఇబ్బంది ఇదే, రాజకీయం తర్వాతి సంగతి.

ఇన్ని పేర్లు మనదాకా ఎలా వస్తున్నాయంటే, దారి చాలా సూటిగా ఉంది. అసోసియేటెడ్ ప్రెస్ కాపీలో పర్షియన్ గల్ఫ్ అని ఉంటుంది. బీబీసీ మామూలుగా 'ది గల్ఫ్' అని వదిలేస్తుంది. సౌదీ, ఎమిరేట్స్ ప్రభుత్వ వార్తాసంస్థల నుంచి వచ్చేదాంట్లో అరేబియన్ గల్ఫ్. అమెరికా నౌకాదళం ప్రకటనల్లోనూ చాలాకాలంగా అరేబియన్ గల్ఫ్ అనే ఉంటుంది, ఎందుకంటే వాళ్ల ఐదో నౌకాదళం ఉండేది బహ్రెయిన్‌లో, ఆతిథ్యమిచ్చిన దేశాల మాట వాళ్లకి ముఖ్యం. ఈ కాపీలన్నీ ఒకే సాయంత్రం ఒకే డెస్క్ మీద పడతాయి. ఒకటి ఒకరు తెలుగు చేస్తారు, ఇంకొకటి ఇంకొకరు చేస్తారు, పేజీ వెళ్లే టైమ్‌కి ఎవరి టెన్షన్ వాళ్లది, ఎదురుగా ఇంగ్లిష్‌లో ఏముంటే అదే తెలుగు లిపిలోకి వచ్చేస్తుంది. అంటే ఆ పేరు విషయంలో నిర్ణయం తీసుకుంటున్నది మనం కాదు. రియాద్‌లోనో లండన్‌లోనో న్యూయార్క్‌లోనో కూర్చున్నవాళ్లు తీసుకున్న మూడు వేర్వేరు నిర్ణయాలు మన పాఠకుడి ముందు ఒకదాని పక్కన ఒకటి వచ్చి కూర్చుంటున్నాయి. నాకు కష్టంగా అనిపించేది ఇదే.

ఇక ఆ పేరు చరిత్ర. రెండున్నర వేల ఏళ్ల కిందట పర్షియా చక్రవర్తి డేరియస్ ఈజిప్టులో నైలు నది నుంచి ఎర్ర సముద్రం వైపు కాలువ తవ్వించి శాసనం వేయించాడు, అందులో 'పర్షియా నుంచి వచ్చే సముద్రం' అనే మాట ఉంది. గ్రీకులు, రోమన్లు ఈ సింధుశాఖని పర్షియా పేరుతోనే పిలిచారు. మధ్యయుగాల అరబ్ భూగోళ శాస్త్రవేత్తలు కూడా అరబీలోనే 'బహ్ర్ ఫార్స్' అని, అంటే పర్షియా సముద్రమనే రాసుకున్నారు. ఇంకో సంగతి తెలిసినప్పుడు నేను నిజంగా ఆశ్చర్యపోయాను. పాత గ్రీకు, లాటిన్ పుస్తకాల్లో అరేబియన్ గల్ఫ్ అనే పేరు ఉంది, కానీ అది ఇప్పటి ఎర్ర సముద్రానికి! అరేబియా ద్వీపకల్పానికి అటువైపున్న నీళ్లకి. కాబట్టి పాత మ్యాప్‌లో ఆ పేరు చూసి ఎవరైనా ఫొటో తీసి పెడితే, అది ఎటువైపు నీళ్ల మీద రాసి ఉందో ఒకసారి చూడండి. ఆటోమన్ తుర్కులు బస్రా పేరుతో పిలిచారు, తుర్కియేలో ఇప్పటికీ బస్రా గల్ఫ్ అనే అంటారు.

అరేబియన్ గల్ఫ్ అనే పేరు ఈ నీళ్లకి గట్టిగా అంటుకున్నది 1950ల చివర్లో, 1960ల్లో. అది అరబ్ జాతీయవాదం ఉప్పొంగిన కాలం, ఈజిప్టులో నాజర్ అధ్యక్షుడిగా ఉన్న కాలం. 1960లో ఇజ్రాయెల్ విషయంలో ఇరాన్ షా అన్న మాటకి ఈజిప్టు దౌత్యసంబంధాలే తెంపేసుకుంది. ఆ వేడిలో పర్షియా అనే మాట అరబ్ రాజధానుల్లో పలకడానికి ఇష్టంలేని మాట అయిపోయింది, బడి పుస్తకాలు మారాయి, మ్యాపులు మారాయి, పుట్టే పిల్లలు కొత్త పేరుతోనే పెరిగారు. ఇరాన్‌లో 1979 విప్లవం తర్వాత, ఇద్దరికీ వద్దు, ఇస్లామిక్ గల్ఫ్ అందాం అనే ప్రతిపాదన కూడా వచ్చింది, అది నిలబడలేదు. ఇప్పుడు ఇరాన్‌లో ఏటా ఏప్రిల్ 30న పర్షియన్ గల్ఫ్ దినోత్సవం జరుపుతారు. 1622లో షా అబ్బాస్ సైన్యం హర్మూజ్ నుంచి పోర్చుగీసువాళ్లని వెళ్లగొట్టిన దానికి గుర్తుగా. వాళ్ల ఫుట్‌బాల్ లీగ్ పేరు కూడా పర్షియన్ గల్ఫ్ ప్రో లీగే.

అంతర్జాతీయ సంస్థల సంగతి చూస్తే, సముద్రాల హద్దుల మీద అంతర్జాతీయ హైడ్రోగ్రాఫిక్ సంస్థ (సముద్ర పటాల పని చూసే సంస్థ) 1953లో వేసిన పుస్తకంలో 'ఇరాన్ గల్ఫ్' అని రాసి పక్కన పర్షియన్ గల్ఫ్ అని ఇచ్చారు. ఐక్యరాజ్యసమితి సచివాలయం 1990ల్లో తన పత్రాలు రాసేవాళ్లకి పర్షియన్ గల్ఫ్ అనే పేరునే పూర్తిగా వాడమని మళ్లీ మళ్లీ ఆదేశాలిచ్చింది. నా వాదనకి ఇవి గట్టి ఆధారాలు. అయితే ఐరాస చెప్పింది కదా అని అక్కడితో ఆపను. ఆ మాట మీదే ఆగితే జపాన్ సముద్రం దగ్గర ఇరుక్కుంటాం, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఈ పేరు వల్ల మీడియా వాళ్లు పడ్డ ఇబ్బందులు తక్కువేం కాదు. 2004లో నేషనల్ జియోగ్రాఫిక్ వాళ్ల ప్రపంచ అట్లాస్‌లో పర్షియన్ గల్ఫ్ కింద బ్రాకెట్లో అరేబియన్ గల్ఫ్ అని చిన్న అక్షరాల్లో వేశారు. ఇరాన్ ఆ సంస్థ ప్రచురణల్ని నిషేధించింది, వాళ్ల విలేకరుల్ని రానివ్వనంది, లోకంలో ఎక్కడెక్కడో ఉన్న ఇరానీయులు సంతకాలు సేకరించారు, చివరికి అట్లాస్‌లో మార్పు చేశారు. 2006లో ది ఎకానమిస్ట్ పత్రిక మ్యాప్‌లో ఉత్త 'ది గల్ఫ్' అని వేసినందుకు ఆ పత్రికని ఇరాన్‌లో అమ్మనివ్వలేదు. 2010లో ఇరాన్ రవాణామంత్రి, మా గగనతలంలోకి వచ్చే విమానాల్లో ప్రయాణికులకి చూపించే తెరల మీద పర్షియన్ గల్ఫ్ అని లేకపోతే అడుగుపెట్టనివ్వం అన్నాడు. అదే ఏడాది టెహ్రాన్‌లో జరగాల్సిన ఇస్లామిక్ సాలిడారిటీ గేమ్స్ రద్దయ్యాయి, పతకాల మీద పర్షియన్ గల్ఫ్ అని వేస్తామని ఇరాన్ పట్టుబట్టడం, అరబ్ దేశాలు కుదరదనడం వల్ల. ఎన్ని దేశాల పిల్లలు ఆ ఆటల కోసం ప్రాక్టీస్ చేసి ఉంటారు, వాళ్లని తలుచుకుంటే బాధేస్తుంది. 2012లో గూగుల్ మ్యాప్స్ అక్కడ ఏ పేరూ లేకుండా ఖాళీగా వదిలేస్తే కేసు వేస్తామని ఇరాన్ బెదిరించింది. 2023 జనవరిలో ఇరాక్‌లోని బస్రాలో గల్ఫ్ దేశాల ఫుట్‌బాల్ కప్పు జరిగితే, దాన్ని అరేబియన్ గల్ఫ్ కప్ అన్నారని ఇరాన్ తమ దగ్గరున్న ఇరాక్ రాయబారిని పిలిపించి నిరసన చెప్పింది.

పత్రికల్ని నిషేధించడం నాకు అస్సలు నచ్చదు. పేరు సరైనదే అయినా, అది రాయకపోతే నీ పత్రిక అమ్మనివ్వను అనడం అన్యాయం. ఇంకోవైపు గల్ఫ్ అరబ్ దేశాల్లో పర్షియన్ అనే మాట ఉన్న మ్యాపులు, పుస్తకాలు బయటికి రావడం కష్టం. రెండు ఒడ్డులా ఈ ఒత్తిడి ఉంది కాబట్టే బయట ఉన్న మనలాంటివాళ్లు ఎవరి భయం లేకుండా, ఎవరి మొహమాటం లేకుండా ఆలోచించి ఒక పేరు రాయగలం. హైదరాబాద్‌లో కూర్చుని రాసేవాళ్లకి ఏ వీసా భయం, ఏ నిషేధం భయం అని?

దీని మీద మా పెద్దమ్మ కొడుక్కీ నాకూ పెద్ద వాదనే జరిగింది. అన్నయ్య షార్జాలో ఉంటాడు, ఉద్యోగం, పిల్లలు, అంతా అక్కడే. "నువ్వు ఏసీ గదిలో కూర్చుని రెండు వేల ఏళ్ల కిందటి శాసనం చెబుతావ్, ఇక్కడ ఆ ఒడ్డున బతికేవాళ్లు ఏమంటున్నారో నీకు అక్కర్లేదా? ఎనిమిది దేశాలుంటే ఏడు అరబ్ దేశాలు, అంతమంది ఒక పేరంటే ఒక్క దేశం ఇంకో పేరంటే, నువ్వు ఆ ఒక్కదాన్నే పట్టుకుంటావా?" అన్నాడు. వాదన బలంగానే ఉంది, నేను కాదనను. ఇరాన్, ఇరాక్, కువైట్, సౌదీ, బహ్రెయిన్, ఖతార్, ఎమిరేట్స్, ఒమన్, లెక్క ఎనిమిదే. ఇరాన్ ఒడ్డునే ఖుజెస్తాన్‌లో అరబ్బులు ఉన్నారు కూడా. కానీ సముద్రం పేరు ఒడ్డున ఉన్న దేశాల ఓట్లు లెక్కపెట్టి పెట్టేది కాదు కదా అన్నయ్యా అన్నాను. అలా అయితే హిందూ మహాసముద్రం ఒడ్డున ఎన్ని దేశాలున్నాయి, వాళ్లలో ఎంతమందికి మన పేరు ఉండటం ఇష్టం? పాకిస్తాన్ రేపు ఇంకో పేరు పెట్టుకుని, ఇదే మా పేరు, ప్రపంచమంతా ఇదే రాయాలి అంటే మనం ఊరుకుంటామా? అరేబియా సముద్రం మన గుజరాత్, మహారాష్ట్ర, గోవా, కర్ణాటక, కేరళ ఒడ్డులన్నీ తాకుతుంది, అయినా ఆ పేరు మార్చమని మనం ఎవరినీ అడగలేదు. ఆ నీళ్లకి పర్షియా పేరు ఉన్నంత మాత్రాన అవి ఇరాన్ సొత్తు అయిపోవు, బంగాళాఖాతం బెంగాలీలదొక్కటే కానట్టు.

అన్నయ్యతో వాదించిన తర్వాత నాకు మన ఊరే గుర్తొచ్చింది. ఆ నీళ్లకి రెండు ఒడ్డులుంటే ఆ రెండు ఒడ్డుల లోకాలూ హైదరాబాద్‌లో ఉన్నాయి. ఈ నగరాన్ని గీసి కట్టించిన మీర్ మోమిన్ ఇరాన్‌లోని అస్తరాబాద్ నుంచి వచ్చినవాడు. కుతుబ్ షాహీల వంశం మూలాలు ఇరాన్‌లోవే. వాళ్ల కాలంలో మన మచిలీపట్నం నుంచి ఓడలు బందర్ అబ్బాస్ దాకా వెళ్లేవి. మనం రోజూ చాయ్ తాగే ఇరానీ హోటళ్లు పెట్టినవాళ్లు ఇరాన్ నుంచి ముంబై, పుణె మీదుగా వచ్చిన కుటుంబాలు. అటు చాంద్రాయణగుట్ట దాటి బార్కస్ వెళితే నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్‌లోని హడ్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల వారసులు ఉంటారు, వాళ్ల పిల్లల్లో చాలామంది మళ్లీ సౌదీకీ ఎమిరేట్స్‌కీ ఉద్యోగాలకి వెళ్లారు. ఇక్కడ వీళ్లెవరూ ఆ పేరు కోసం కొట్టుకోవడం నేను చూడలేదు. మన పత్రికలు రెండు సముదాయాల వాళ్లూ చదువుతారు కాబట్టే, ఏ పేరు ఎందుకు రాస్తున్నామో వాళ్లకి చెప్పగలిగే స్థితిలో ఉండాలి. ఒకరోజు ఇది, ఒకరోజు అది రాస్తే ఇద్దరికీ సమాధానం చెప్పలేం.

మరి బీబీసీలాగా ఉత్త గల్ఫ్ అని రాసేస్తే పోలా అని మా డెస్క్‌లోనే అడిగినవాళ్లున్నారు. తెలుగులో అది కుదరదు. గల్ఫ్ అంటే మనకి నీళ్లు కాదు, బతుకుదెరువు. గల్ఫ్ పోయిండు, గల్ఫ్ బాధితులు, గల్ఫ్ కార్మికుల సంఘం, ఇలాంటి మాటల్లో అది దేశాల గుంపు. 'గల్ఫ్‌లో నౌకపై దాడి' అని హెడ్డింగ్ పెడితే అది దుబాయి రేవులోనా, కువైట్‌లోనా, నడి నీళ్లలోనా అనేది తెలియదు. పైగా పక్కనే ఒమన్ గల్ఫ్ ఉంది, ఎర్ర సముద్రం దగ్గర ఏడెన్ గల్ఫ్ ఉంది, ఓడల మీద దాడుల వార్తలన్నీ ఈ మూడింటి చుట్టూనే తిరుగుతుంటాయి. పేరు పూర్తిగా రాయాల్సిందే. ఆ పూర్తిపేరు పక్కన, హర్మూజ్ లోపలా బయటా అనేది ఒక్క ముక్క చేర్చితే ఇక్కడ ఇంట్లోవాళ్లకి ఎంతో మేలు.

2025లో అమెరికాలో జరిగింది చూశాక నాకు ఈ విషయంలో ఒక స్పష్టత వచ్చింది. ట్రంప్ జనవరి 20న, ప్రమాణం చేసిన రోజే, గల్ఫ్ ఆఫ్ మెక్సికోని గల్ఫ్ ఆఫ్ అమెరికా అనాలని ఉత్తర్వు ఇచ్చాడు. అదే ఉత్తర్వులో అలాస్కాలోని డెనాలి పర్వతానికి పాత పేరు మౌంట్ మెకిన్లీ తిరిగిచ్చాడు. అసోసియేటెడ్ ప్రెస్ ఏం చేసిందంటే, పర్వతం పూర్తిగా అమెరికాలోనే ఉంది, దాని పేరు మార్చే అధికారం అధ్యక్షుడికి ఉంది కాబట్టి మెకిన్లీ అని రాస్తాం అంది. సింధుశాఖ మాత్రం మెక్సికోతోనూ ఇతర దేశాలతోనూ పంచుకున్నది, ఈ ఉత్తర్వు అమెరికా లోపలే చెల్లుతుంది, 400 ఏళ్లకు పైగా ఉన్న పేరు ఇది, కాబట్టి గల్ఫ్ ఆఫ్ మెక్సికో అనే రాస్తాం, ట్రంప్ పెట్టిన పేరు గురించి కూడా చెబుతాం అంది. దానికి ఫలితంగా వాళ్ల విలేకరుల్ని ఓవల్ ఆఫీసులోకి, అధ్యక్షుడి విమానంలోకి రానివ్వలేదు. కోర్టుకి వెళ్లారు, ఏప్రిల్‌లో జడ్జి వాళ్లకి అనుకూలంగా ఆదేశమిచ్చాడు, జూన్‌లో అప్పీలు కోర్టు దాన్ని చాలావరకు ఆపేసింది. వాళ్లు మాత్రం పేరు మార్చలేదు. ఒక పేరు కోసం రోజువారీ పని ఇబ్బందిలో పడినా వెనక్కి తగ్గని ఆ డెస్క్ వాళ్లంటే నాకు చాలా గౌరవం. అదే ట్రంప్ 2017లో అరేబియన్ గల్ఫ్ అంటే, ఇరాన్ అధ్యక్షుడు రౌహానీ ఆయన్ని భూగోళం చదువుకోమన్నాడు. 2025 మేలో సౌదీ, ఖతార్, ఎమిరేట్స్ పర్యటనకి ముందు అమెరికా అధికారికంగానే అరేబియన్ గల్ఫ్ అంటుందని వార్తలు వచ్చాయి, ఆ పర్యటనలో అలాంటి ప్రకటన రాలేదు. రేపు వస్తే? వచ్చినా మనం మార్చక్కర్లేదు.

ఒక్క దేశం పరిధిలో ఉన్నదానికి ఆ ప్రభుత్వం పెట్టిన పేరు, పలు దేశాలు పంచుకున్నదానికి ఎప్పట్నుంచో ఉన్న పేరు, ఇదే కొలత మన దేశానికి పెట్టి చూడండి, చాలావరకు సరిపోతుంది. ముంబై, చెన్నై, కోల్‌కతా, ప్రయాగ్‌రాజ్, ఛత్రపతి శంభాజీనగర్, వీటిలో ఏ మార్పు మనకి నచ్చినా నచ్చకపోయినా అవి చట్టప్రకారం తమ పరిధిలోని ఊళ్ల పేర్లు మార్చగల ప్రభుత్వాలు చేసిన మార్పులు, కాబట్టి కొత్త పేర్లు రాస్తున్నాం. అరుణాచల్‌లోని ఊళ్లకీ కొండలకీ నదులకీ చైనా 2017లో 6, 2021లో 15, 2023లో 11, 2024లో 30, 2025లో 27 పేర్లు ప్రకటించింది. ఆ రాష్ట్రం మన దేశంలో ఉంది, అక్కడి జనం పిలుచుకునే పేర్లున్నాయి, కాబట్టి చైనా పేర్లు వార్తగా చెబుతాం తప్ప తవాంగ్‌ని ఇంకో పేరుతో రాయం. ఉక్రెయిన్ తన రాజధానిని కీవ్ అనమంటే అంటున్నాం.

మన హైదరాబాద్ పేరు దగ్గరికొచ్చేసరికి చాలామంది గొంతు మారుతుంది. భాగ్యనగరం అనే మాట తెలుగు పత్రికల్లో ఎప్పట్నుంచో ఉంది, హెడ్డింగుల్లో అందంగా ఉంటుందని, ఒకే పేరాలో హైదరాబాద్ అని నాలుగుసార్లు రాయలేక, వాడేవాళ్లు. 2020 గ్రేటర్ ఎన్నికల్లో యోగి ఆదిత్యనాథ్ వచ్చి పేరు మారుస్తామన్నాక, 2022 జులైలో ఇక్కడ జరిగిన బీజేపీ జాతీయ కార్యవర్గ సమావేశంలో ప్రధాని భాగ్యనగర్ అన్నాక, ఆ మాట మామూలు అలంకారం కాకుండా పోయింది. ఇప్పుడు రాస్తే ఒకరు ఫోన్ చేసి తిడతారు, రాయకపోతే ఇంకొకరు. భాగమతి కథ నిజమని నమ్మేవాళ్లున్నారు, హారూన్ ఖాన్ షేర్వానీ లాంటి చరిత్రకారులు అది కల్పితమన్నారు, ఆ చర్చ జరగాల్సిందే, నాకు ఇష్టమైన చర్చ కూడా. కానీ నగరం అధికారిక పేరు హైదరాబాద్, ఇక్కడి జనం నాలుకమీద ఉన్నది హైదరాబాద్, పత్రిక హైదరాబాద్ అనే రాయాలి. ప్రభుత్వం మారిస్తే అప్పుడు చూద్దాం. వార్త రాసేవాడు ప్రభుత్వం కంటే ముందే పేరు మార్చేస్తే, అది వార్త కాకుండా ప్రచారం అవుతుంది.

కోనసీమకి అంబేడ్కర్ పేరు చేర్చినప్పుడు 2022 మేలో అమలాపురంలో ఇళ్లు తగలబడ్డాయి. పేరులో ఏముంది అని తేలిగ్గా తీసిపారేసేవాళ్లతో నేను ఎప్పటికీ ఒప్పుకోలేను.

ఇక జపాన్ సముద్రం. నా కొలత ఊగేది ఇక్కడే. కొరియా వాళ్లు దాన్ని తూర్పు సముద్రం అంటారు, వాళ్ల తీరానికి అది తూర్పునే ఉంది మరి. అంతర్జాతీయ హైడ్రోగ్రాఫిక్ సంస్థ 1929లో పుస్తకం వేసి జపాన్ సముద్రం అని ఖాయం చేసినప్పుడు కొరియా జపాన్ పాలనలో ఉంది, 1910 నుంచి 1945 దాకా. ఆ బల్ల దగ్గర మాట్లాడటానికి కొరియా తరఫున ఎవరూ లేరు. వాళ్లు ఐరాసలో ఈ మాట ఎత్తగలిగింది 1992లో. ఏళ్లతరబడి కొట్లాడాక 2020లో ఆ సంస్థ, కొత్త డిజిటల్ పద్ధతిలో సముద్రాలకి పేర్లకి బదులు నంబర్లు వాడదాం అని తేల్చింది. పాత పేరు, అందరూ ఒప్పుకున్న పేరు అని నేను ఇందాకటి నుంచి అంటున్నాను కదా, ఆ అందరిలో ఒకరిని నోరెత్తనివ్వకుండా ఒప్పించిన పేరు అయితే? పర్షియన్ గల్ఫ్ అలా వచ్చిన పేరు కాదు, అరబ్బులే వాళ్ల పుస్తకాల్లో శతాబ్దాలపాటు రాసుకున్న పేరు, అందుకే దాని విషయంలో నాకు సందేహం లేదు. జపాన్ సముద్రం దగ్గర మాత్రం రెండు పేర్లూ రాయడమే న్యాయమని నాకనిపిస్తుంది, ముఖ్యంగా వార్త కొరియా గురించి అయినప్పుడు. ఉత్తర కొరియా క్షిపణి వేసిన ప్రతిసారీ ఆ సముద్రం పేరు రాయాల్సి వస్తుంది, 'జపాన్ సముద్రంలో (కొరియన్లు తూర్పు సముద్రం అంటారు)' అని రాస్తే నాలుగు మాటలు ఎక్కువ, అంతే.

పనిచేసే తోటివాళ్ల కోసం ఇంకొన్ని ముక్కలు. ఎవరైనా నాయకుడు తన నోటితో అరేబియన్ గల్ఫ్ అంటే, ఆ మాట కోట్స్‌లో అలాగే ఉంచాలి, దిద్దకూడదు. సౌదీ మంత్రి నోట్లో పర్షియన్ గల్ఫ్ పెడితే అది అబద్ధం అవుతుంది. మన సొంత వాక్యంలో మాత్రం మన పేరే. సంస్థల పేర్లు, పోటీల పేర్లు వాళ్లు పెట్టుకున్నవి పెట్టుకున్నట్టే, అరేబియన్ గల్ఫ్ కప్ అంటే అరేబియన్ గల్ఫ్ కప్పే. మ్యాప్ వేస్తే గ్రాఫిక్స్ వాళ్లకి పేరు ముందే చెప్పాలి, ఎందుకంటే వాళ్లు తీసుకునే బేస్ మ్యాప్‌లో ఏ పేరు ఉందో వార్త రాసినవాళ్లు చూడరు, హెడ్డింగ్‌లో ఒకటి మ్యాప్‌లో ఒకటి పడేది అలాగే. పేరు గొడవే వార్త అయిన రోజు రెండు పేర్లూ, ఎవరు ఏది ఎందుకు అంటారో, పూర్తిగా రాయాలి. హర్మూజ్ స్పెల్లింగ్ కూడా ఎవరైనా ఒకటి ఖాయం చేస్తే బాగుండు, హోర్ముజ్, హర్మూజ్, హార్ముజ్, ఇప్పటికి ఈ మూడూ చూశాను.

అన్నయ్య మొన్న మళ్లీ ఫోన్ చేశాడు. వాళ్ల చిన్నమ్మాయికి బడిలో మ్యాప్ గీయమన్నారట, ఏ పేరు రాయమంటావని అడిగాడు. అక్కడ బడిలో టీచర్ చెప్పిందే రాయమని చెప్పాను, మార్కులు పోగొట్టుకోవడానికి ఆ పిల్ల ఏం చేసింది? ఇంటికొచ్చాక మాత్రం ఇంకో పేరు కూడా ఉందని, అది ఎంత పాతదో, ఎందుకు గొడవో కూర్చోబెట్టి చెప్పమన్నాను. చెబుతానన్నాడు గానీ, "పర్షియన్ అనే రాయాలి అన్న నీ మాట మాత్రం ఒప్పుకోను" అని కూడా అన్నాడు. సరే, సంక్రాంతికి వస్తాడుగా, అప్పుడు తేల్చుకుంటాం.